పాలివ్వని ఆవు, ఎవరికీ అక్కర్లేని కోడెదూడ: తెనాలి వైపు పశువుల ఆశ్రమం నుంచి మేం తెచ్చుకున్నవి, నా రివ్యూ

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద వివరంగా రాశాను. ఆశ్రమం పేరు మాత్రం రాయట్లేదు, రాయొద్దని వాళ్లే అడిగారు. అంతకుముందు ఎవరో వీడియో తీసి అడ్రసుతో సహా పెట్టారట, ఇక ఆ తర్వాత తెల్లారి గేటు తీస్తే చాలు, రాత్రికి రాత్రి ఎవరో తెచ్చి కట్టేసిపోయిన దూడో, కుంటి ఎద్దో కనపడేదట. ఉన్నవాటికే మేత చాలక వరిగడ్డి అప్పు తెచ్చుకుంటున్న చోట ఇలా జరిగితే కొత్తగా వచ్చినవీ బతకవు, పాతవీ బతకవు. అందుకని తెనాలి నుంచి రేపల్లె వైపు వెళ్లే దారిలో, కాలవ కట్టకి దిగువన ఉంటుందని మాత్రం చెప్పి ఆపేస్తున్నాను. నిజంగా పశువును పెంచుకోవాలనుకునేవాళ్లు మీ మండలం పశువైద్యశాలలో అడగండి. ఇలాంటి చోట్లు ఎక్కడున్నాయో వాళ్లకి తెలుస్తుంది, మాకూ అలాగే తెలిసింది.

మాది మూడెకరాల పొలం. ఖరీఫ్‌లో వరి, కోతయ్యాక మినుము, ఇంటి పక్కన అరెకరంలో కూరగాయలు. ప్రకృతి వ్యవసాయంలోకి మారాం. ఎకరానికి ఒకసారి ద్రవజీవామృతం అనే ఎరువు కలపాలంటే 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల పంచకం (ఆవు మూత్రం), 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కావాలి. బెల్లం, పిండి కొట్లో దొరుకుతాయి. పేడ, పంచకమే దొరకట్లేదు! టౌన్‌లో ఉన్నవాళ్లకి ఈ మాట నమ్మబుద్ధి కాదుగానీ మా వీధి మొత్తం మీద పశువు ఉన్న ఇల్లు ఒక్కటే మిగిలింది. సంతలో పాడి ఆవును కొందామంటే అంత డబ్బు పెట్టి పాలవాళ్ల బేరం నెత్తికెత్తుకోవడం మాకు ఇష్టం లేదు. మాకు పాలు అక్కర్లేదు. వట్టిపోయిన ఆవైనా పేడ వేస్తుంది కదా, అదే చాలు అనుకున్నాం. మా మామయ్యగారు మాత్రం "ఉత్తినే ఇచ్చే గొడ్డు రోగిష్టిదే అయ్యుంటుందమ్మా, ఆలోచించుకోండి" అన్నారు. ఆ అనుమానంతోనే ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లాం.

అసలు సంగతి ఒకటి ముందు చెప్పాలి. నేను చూసిన గోశాలలు చాలావరకు లోపల ఎన్ని పశువులున్నాయో బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసుకుంటాయి. చందా ఇచ్చేవాళ్లు కూడా ఆ అంకె చూసే ఇస్తారు. కానీ రెండెకరాల స్థలంలో మూడు నాలుగు వందల ఆవుల్ని కుక్కేస్తే అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, బలమైనవి తొట్టి దగ్గర నిలబడితే ముసలివీ కుంటివీ వెనకే ఉండిపోతాయి, అలా చిక్కి చిక్కి చచ్చిపోతాయి. బయట రోడ్డు మీద చావలేదు, లోపల చచ్చాయి, అంతే తేడా. ఈ ఆశ్రమం నిర్వాహకుడు మాతో మొదట చెప్పింది ఎన్ని ఉన్నాయో కాదు, ఎన్ని బయటికి వెళ్లాయో. వెళ్లిన ప్రతి పశువుకీ ఒక పేజీ ఉన్న రిజిస్టరు తీసి చూపించాడు. ఏ ఊరు, ఏ ఇల్లు, ఆఖరుసారి ఎప్పుడు వెళ్లి చూసొచ్చారు, అప్పుడు ఎలా ఉంది, అన్నీ రాసి ఉన్నాయి. నాకు ఈ చోటు మీద నమ్మకం కలిగింది ఆ రిజిస్టరుతోనే. పశువుల్ని కాపాడుతున్నాం అనేవాళ్లు ఎవరు కనపడినా మీరు అడగాల్సింది ఇదే, ఇక్కణ్ణుంచి మంచి ఇళ్లకి ఎన్ని వెళ్లాయి, వెళ్లినవి ఇప్పుడు ఎలా ఉన్నాయి అని.

ఇన్ని పశువులు దిక్కులేకుండా ఎందుకు పోతున్నాయో కూడా కాస్త చెప్పుకోవాలి. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవుజాతి ఆడ పశువులు 14.5 కోట్లు, మగవి 4.7 కోట్లు. అంతకుముందు 2012 లెక్కతో పోలిస్తే ఆడవి 18 శాతం పెరిగాయి, మగవి 30 శాతం తగ్గాయి. పుట్టేటప్పుడు కోడె, పెయ్య దాదాపు సమానంగానే పుడతాయి. మరి ఆ కోడెలన్నీ ఎటు పోయినట్టు? దున్నడానికి ట్రాక్టరు వచ్చింది, బండి లాగడానికి ఆటో వచ్చింది, జెర్సీ, హెచ్‌ఎఫ్ లాంటి విదేశీ పాల జాతుల సంకర దూడకైతే కాడి నిలవడానికి మూపురం కూడా సరిగ్గా ఉండదు, ఎండకి తట్టుకోలేదు. దాంతో పాల వ్యాపారంలో కోడెదూడ పుట్టిందంటే తాగే పాలు దండగ అన్న లెక్కే. అదే గణనలో రోడ్ల మీద తిరిగే పశువులు 50 లక్షలకు పైగా తేలాయి. మన దగ్గర 1977 చట్టం ప్రకారం ఆవునూ, ఆవు దూడనూ కోయడం నేరం. ఎద్దుకైతే పనికి పనికిరాదని డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. చట్టం చంపొద్దంది గానీ ఎవరు మేపాలో తేల్చలేదు. ఆవు బాగా చూసుకుంటే పద్దెనిమిది, ఇరవై ఏళ్లు బతుకుతుంది, పాలు ఇచ్చేది అందులో సగం. మిగతా సగం బాధ్యత రైతు మోయలేక వదిలేస్తున్నాడు. రైతును తిట్టి లాభం లేదు, ఒక వట్టి గొడ్డుకి రోజుకి మేతకే నూరు రూపాయలదాకా అవుతుంటే కౌలు రైతు ఎక్కణ్ణుంచి తెస్తాడు. పైగా మా డెల్టాలో హార్వెస్టరు కోతలు వచ్చాక గడ్డి చేతికి రావట్లేదు, చేలోనే చిందరవందరగా పడుతుంది, చాలామంది తగలబెట్టేస్తున్నారు. బేలరుతో కట్టలు కట్టిస్తే దానికి మళ్లీ ఖర్చు.

ఇక మా అనుభవం. వెళ్లగానే ఆవుల్ని చూపించేస్తారనుకున్నాం. చూపించలేదు. కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. వేసవిలో నీళ్లకి ఇబ్బంది ఉంటుందా, పగలు ఇంటి దగ్గర ఎవరుంటారు, ఇంతకుముందు పశువుల్ని సాకిన చెయ్యి ఇంట్లో ఎవరిది, పాక కింద నేల సిమెంటా మట్టా, పశువైద్యశాల ఎంత దూరం, పక్కవాళ్ల చేలో పడితే గొడవ అవుతుందా. వీటన్నిటికీ మామయ్యగారే జవాబులు చెప్పారు, చిన్నప్పటి నుంచి ఎడ్లతో పెరిగిన మనిషి కదా. ఆఖర్న ఒకటి అడిగారు, "ముసలిదై కూలబడి లేవలేకపోతే ఏం చేస్తారు?" అని. దానికి ఆయన కాసేపు ఆలోచించి "మీరేం చేస్తారో చెప్పండి, అదే చేస్తాం" అన్నారు. అప్పుడు అక్కడి పనిమనిషి, అరవై దాటిన ఆయన, మమ్మల్ని వెనక పాకలోకి తీసుకెళ్లి కూలబడిన ఆవును చూపించాడు. కింద మందంగా గడ్డి పరుపు, నాలుగైదు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టడం, లేకపోతే తుంటి ఎముక దగ్గర పుండ్లు పడతాయి, ఒకే పక్కన ఉండిపోతే పొట్ట ఉబ్బిపోతుంది. "దీన్ని పక్క మార్చాలంటే ఇద్దరు మనుషులు కావాలమ్మా. మీ ఇంట్లో ఇద్దరుంటారా, రాత్రి పూట కూడా?" అని అడిగాడు. ఉంటామని చెప్పాకే మిగతావి చూపించారు. కొందరికి ఈ ప్రశ్నలు అవమానంగా అనిపిస్తాయట, కోపం తెచ్చుకుని వెళ్లిపోతారట. నాకైతే పిల్లనిచ్చే తండ్రి వాకబు చేసినట్టుంది, సంతోషంగానే అనిపించింది.

ఒక్క పశువును ఎప్పుడూ ఇవ్వరు. మంద జంతువు ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుని మేత మానేస్తుందని, ఇంట్లో వేరే పశువు ఉంటేనే ఒకటి, లేకపోతే రెండు. ఆ రెండూ కూడా అప్పటికే ఒకచోట మేస్తూ, ఒకదాన్నొకటి నాకుతూ అలవాటైనవే ఇస్తారు. మాకు ఇచ్చినవి గౌరి అనే తెల్ల ఆవు, దాని వెంట తిరిగే ఎర్ర కోడెదూడ. ఆ దూడ దానికి పుట్టింది కాదు, కానీ దాన్ని వదిలి ఉండేది కాదు.

గౌరి సంగతి తప్పకుండా రాయాలి. ఒంగోలు పోలికలున్న ఆవు, పొడుగు కాళ్లు, మెడ కింద గంగడోలు వేలాడుతూ. టౌన్‌లో కూరగాయల మార్కెట్ దగ్గర తిరుగుతుండేదట. పాలు పితికినంత కాలం ఎవరిదో, వట్టిపోయాక రోడ్డుదైంది. తెచ్చినప్పుడు పొట్ట ఒకవైపు పీపాలా ఉబ్బి, ఎముకలు బయటికి కనపడుతూ ఉందట. చూడిదనుకున్నారు. డాక్టరుగారు చూసి ఎడమ డొక్క దగ్గర కోసి, పెద్దపొట్ట తెరిచి, ముప్పై కిలోల పైనే ప్లాస్టిక్ తీశారు. ఆ ఫోటోలు చూపించారు మాకు, ముద్దలు ముద్దలుగా తాళ్లలా పెనవేసుకుపోయిన కవర్లు, వాటి మధ్యలో రెండు మేకులు. ఆవుకి పై దవడలో ముందు పళ్లు ఉండవు, నాలుకతో చుట్టి లోపలికి లాగేసుకుంటుంది, మేకలా ఏరుకుని తినే అలవాటు దానికి లేదు. మనం మిగిలిన అన్నం కవర్లో వేసి మూతి ముడేసి పారేస్తే ఆ ముడి విప్పుకోవడం దానికి చేతకాదు, కవరుతో సహా మింగుతుంది. అది అరగదు, బయటికి రాదు, ఏళ్ల తరబడి అందులోనే పేరుకుంటుంది. పొట్ట నిండుగా ఉన్నట్టే ఉంటుంది, ఒంట్లోకి మాత్రం ఏమీ దిగదు, ఆవు ఆకలితో చస్తుంది. మేకు అయితే ఇంకా ప్రమాదం, పొట్ట గోడను పొడుచుకుని ముందుకు వెళ్తే గుండెను తాకుతుంది. ఆపరేషన్ తర్వాత ఆరోగ్యంగా ఉన్న పశువు పెద్దపొట్టలోని ద్రవం తీసి దీనికి పట్టించారట. అందులో ఉండే సూక్ష్మజీవులు లేకపోతే గడ్డి అరగదు కాబట్టి. దయచేసి, ఇది చదివేవాళ్లు ఎవరైనా సరే, అన్నం పారేసేటప్పుడు కవర్లో మూటకట్టకండి. ఏ ఆశ్రమానికి చందా ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఇది ఒక్కటి చేయండి.

దూడది వేరే కథ. జెర్సీ పోలిక, పుట్టిన మూడో రోజో నాలుగో రోజో పాలకేంద్రం వెనక గోడ పక్కన దొరికిందట. ఇలాంటి దూడలు బతకడం కష్టం, ఎందుకంటే వాటికి ముర్రుపాలు అందవు. దూడ రక్షణశక్తి లేకుండా పుడుతుంది, తల్లి గర్భంలో ఉన్నప్పుడు అది రక్తం ద్వారా చేరదు, ఈనిన మొదటి గంటల్లో తాగే ముర్రుపాలతోనే రావాలి. దూడ బరువులో పదో వంతు, అంటే పాతిక కిలోల దూడకి రెండున్నర లీటర్లు, మొదటి రోజే పడాలి. రోజు దాటాక పేగు ఆ శక్తిని పీల్చుకోలేదు. ఇక్కడేమో ఆ పాలు జున్నుకి మంచి ధర పలుకుతాయి. జున్ను నాకూ ఇష్టమే, మా అమ్మ మిరియాలూ యాలకులూ వేసి చేసేది, కానీ దూడ కడుపు నిండాక మిగిలినదే చేసేది. ఇప్పుడు కొట్లో అమ్మే జున్నుపాల వెనక ఆ దూడ తాగిందా లేదా అని అడిగేవాళ్లు లేరు. ఈ ఆశ్రమంలో ఈనిన ఆవు ఏదైనా ఉంటే దాని ముర్రుపాలు ఫ్రిజ్‌లో గడ్డకట్టించి దాచిపెడతారు, పుట్టిన రోజే దొరికిన పసిదూడలకి గోరువెచ్చగా చేసి సీసాతో పడతారు. ఇంత ముందుచూపు వేరే చోట నేను చూడలేదు.

ఇంకో మంచి విషయం, ఇక్కడ ఆవులే కాదు. గేదె దూడలున్నాయి, రెండు మేకలున్నాయి, గాడిదలున్నాయి. గోశాల అని బోర్డు పెట్టిన చాలా చోట్ల దున్నదూడను తీసుకెళ్తే గేటు దగ్గరే వద్దంటారు, అది గోవు కాదు కదా అని. కృష్ణా గుంటూరు ఊళ్లలో మనం తాగే పాలు ఎక్కువగా గేదెవి. ఆ పాల కోసం పుట్టిన మగదూడలకు ఏ దేవుడి పేరూ అండ లేదు, వాటి సంగతి ఎవరూ మాట్లాడరు. ఇక గాడిదల మాంసం తింటే ఊపిరి బలం వస్తుందని ఒక మూఢనమ్మకం మా చుట్టుపక్కల జిల్లాల్లో ఉంది, ఆహార భద్రతా నిబంధనల్లో మాంసానికి వాడదగ్గ జంతువుల జాబితాలో గాడిద లేనే లేదు, అయినా దొంగచాటుగా అమ్మారు. దేశం మొత్తం మీద 2019 లెక్కలో మిగిలినవి 1.2 లక్షలు, ఏడేళ్లలో 61 శాతం తగ్గిపోయాయి. ఇక్కడున్నవి ఒక ఇటుక బట్టీ వాళ్లు వదిలేసినవట. గిట్టలు చెప్పుల్లా వంకరగా పెరిగిపోయి నడవలేని స్థితిలో వచ్చాయని, నెలల తరబడి కొద్దికొద్దిగా చెక్కి సరిచేశారని చెప్పారు. మేం చూసినప్పుడు అవి పరిగెడుతున్నాయి.

పోలీసులు లారీల్లో పట్టుకున్న పశువులు కూడా ఇలాంటి చోట్లకే వస్తాయి. వాటిని అడిగితే ఇవ్వరు, అడగొద్దు. కేసు తేలేదాకా అవి కోర్టు సొత్తు కిందే లెక్క. మేత ఖర్చు యజమాని దగ్గర రాబట్టాలని 2017 నిబంధనల్లో ఉన్నా ఆ డబ్బు చేతికి రావడానికి ఏళ్లు పడుతుందని నిర్వాహకుడు చెప్పాడు. చందాలు ఎక్కువగా వాటికే ఖర్చవుతున్నాయి.

పశువును ఇచ్చేముందు వాళ్లు చేసే పరీక్షల గురించి. ఇక్కడ నాకు చాలా నచ్చింది. రక్తం తీసి బ్రూసెల్లోసిస్ పరీక్ష చేయించి రిపోర్టు చేతికిచ్చారు. ఇది పశువు ఈసుకుపోవడానికి, అంటే నెలలు నిండకుండానే దూడను పడేయడానికి, కారణమయ్యే జబ్బే కాదు, పచ్చిపాలు తాగినా, ఈనేటప్పుడు చేతులు పెట్టినా మనుషులకి అంటుతుంది, వచ్చీపోయే జ్వరంతో నెలలు పీడిస్తుంది. క్షయ ఉందేమో చూడటానికి మెడ చర్మంలో ఇంజెక్షన్ ఇచ్చి మూడు రోజుల తర్వాత వాపు కొలుస్తారు, అదీ చేశారు. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఎప్పుడు వేశారో కార్డు మీద ఉంది. దూడకి విత్తులు కొట్టించింది కూడా మత్తు ఇచ్చాకేనట. ఈ కాగితాలన్నీ చూశాక మామయ్యగారు రోగిష్టి గొడ్డు అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

బాండు పేపరు మీద సంతకం పెట్టించుకుంటారు. అమ్మకూడదు, వేరేవాళ్లకి ఇవ్వకూడదు, ముకుతాడు వేయకూడదు, పగలంతా కట్టేసి ఉంచకూడదు, చూసుకోలేకపోతే వాళ్లకే తిరిగి అప్పజెప్పాలి, చెప్పకుండా ఎప్పుడైనా వచ్చి చూస్తారు. పశువుకి డబ్బు తీసుకోరు. తీసుకునేవాళ్లు ఉన్నారు జాగ్రత్త, దత్తత ఫీజు అని వేలు అడిగే చోటికి కూడా మేం ముందు ఫోన్ చేశాం, అక్కడ పరీక్షల మాటే లేదు, ఆవు ఫోటో పంపి డబ్బు వేయమన్నారు. అలాంటిచోట ఒక్క రూపాయి కూడా పంపకండి.

బండి మనమే మాట్లాడుకోవాలి. ప్రయాణానికి పశువు బాగానే ఉందని డాక్టరు సర్టిఫికెట్ లేకుండా బయల్దేరొద్దు, 1978 రవాణా నిబంధనల ప్రకారం అది తప్పనిసరి, దారిలో ఆపితే చూపించాలి. మా బండి డ్రైవరు వెనక చెక్క వాలుబల్ల తేలేదు, ఎత్తి ఎక్కించేద్దాం అన్నాడు. ఆశ్రమం వాళ్లు ఒప్పుకోలేదు, మట్టిగట్టు పక్కకి బండి పెట్టించి ఆవు నడిచి ఎక్కేలా చేశారు, కింద గడ్డి పరిచారు, దూడను ముందు ఎక్కిస్తే గౌరి దానంతటదే ఎక్కింది. గంట ఆలస్యమైంది, ఎవరూ విసుక్కోలేదు.

ఇప్పుడు లోపాలు. మొదటిది, పెద్దది, కొత్తగా వచ్చిన పశువుల్ని విడిగా ఉంచే పాక. విడిగా ఉంది గానీ మధ్యలో ఇనప వల మాత్రమే అడ్డు, నీళ్ల తొట్టి రెండువైపులకీ ఒకటే. గాలికుంటు లాంటిది చొల్లుతోనూ గాలితోనూ పాకుతుంది, ముద్దచర్మం జబ్బు ఈగలు, దోమల వల్ల వ్యాపిస్తుంది, 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో అది ఎన్ని పశువుల్ని తినేసిందో అందరం చూశాం. రోడ్డు మీది పశువును తెచ్చి మూడు నాలుగు వారాలు దూరంగా ఉంచకపోతే ఒక్కదానితో మంద మొత్తం పోతుంది. స్థలం లేదన్నారు. నీళ్ల తొట్టి ఇంకొకటి కట్టడానికి స్థలం అక్కర్లేదు కదా అని నేను అన్నాను, నిజమే అని ఒప్పుకున్నారు, కానీ మొన్న వెళ్లినప్పుడూ ఆ తొట్టి ఒకటే ఉంది. ఒక స్టారు పోయింది దీనికే.

రెండోది వయసు. గౌరికి ఎనిమిదేళ్లని రాశారు. మా ఊరి డాక్టరుగారు నోరు చూసి పన్నెండుకి తక్కువ ఉండదన్నారు. పశువుకి ఎనిమిది శాశ్వత పళ్లూ వచ్చాక ఇక వాటి అరుగుదల చూసి అంచనా కట్టాల్సిందే కాబట్టి కొంత తేడా రావచ్చు, కానీ తెలియకపోతే అంచనా అని రాయాలి. మేమైతే వయసు తెలిసినా తెచ్చుకునేవాళ్లమే. అందరూ అలా ఉండరు, తర్వాత తెలిసి వెనక్కి ఇచ్చేస్తే నష్టపోయేది ఆ ఆవే. ఇంకా, చెవి పోగు మీద ఉన్న 12 అంకెల నంబరు మా పేరు మీదకి మార్చే సంగతి వాళ్లు చెప్పలేదు. మా ఊరి రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుణ్ణి పట్టుకుని మేమే మార్పించుకున్నాం. ఆ పని అక్కడే జరిగితే బాగుండేది. ఫోన్ ఎత్తరు, వాట్సాప్‌లో మెసేజ్ పెడితే మాత్రం సాయంత్రానికి జవాబొస్తుంది. చందాల లెక్కలు గోడ మీద అంటిస్తారు, మేం చూసినవి ముందు సంవత్సరానివి.

శుక్రవారాలు, పుట్టినరోజులు వచ్చేవాళ్లకి ఒక మాట. పులిహోర, చక్కెర పొంగలి, గంపల కొద్దీ అరటిపళ్లు తెచ్చి పెడతామంటే ఇక్కడ ఒప్పుకోరు. వండిన అన్నం ఎక్కువ పడితే పెద్దపొట్టలో ఆమ్లం పెరిగిపోయి ఆవు చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఒకాయన కేకు తెచ్చి ఫోటో దిగనివ్వలేదని గొడవపడుతుంటే మేం అక్కడే ఉన్నాం. నిర్వాహకుడు ఒక్కటే చెప్పాడు, "ఆ డబ్బుతో ఒక మోపు పచ్చగడ్డి కొనివ్వండి సార్, మీ చేత్తోనే వేయిస్తాను" అని. పచ్చగడ్డి కొని తీసుకెళ్లండి.

ఇంటికి వచ్చాక గౌరి రెండు రోజులు మేత సరిగ్గా ముట్టలేదు, మూడో రోజు దూడ తొట్టిలో మూతి పెడితే అదీ పెట్టింది. ఇప్పుడు వరిగడ్డి, సూపర్ నేపియర్ అనే పచ్చగడ్డి, పూటకి కాస్త తౌడు, మినుము పొట్టు. ఒక రాత్రి కాలు కింద పెట్టకపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేశాం, ఆంధ్రాలో 2022 నుంచి ఈ సంచార వైద్య వాహనాలు తిరుగుతున్నాయి, పొద్దున్నే వచ్చి గిట్ట మధ్య ఇరుక్కున్న రాయి తీసి మందు కట్టారు. ఆశ్రమం నుంచి చెప్పకుండా ఒకాయన వచ్చి పాక, నీళ్లు, మెడ చుట్టూ పలుపు రాపిడి ఉందా లేదా అన్నీ చూశాడు. దూడకి గోమార్లు పట్టాయని చూపించి మందు ఎలా పూయాలో చెప్పి, టీ తాగి వెళ్లాడు. అలా రావడం ఆపేస్తే నేను ఈ నాలుగు స్టార్లలో ఇంకొకటి తీసేస్తాను. వెనక వచ్చి చూడకపోతే దత్తత పేరుతో పశువులు సంతకి పోవడం పెద్ద పనేం కాదు.

పాల కోసం వెళ్లేవాళ్లు వెళ్లకండి, దొరకవు. మూణ్ణెల్లు చూసి తర్వాత ఆలోచిద్దాం అనుకునేవాళ్లు కూడా వద్దు. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు, ఇంటి దగ్గర పెద్దవాళ్లుండి పశువు మీద ప్రేమ ఉన్నవాళ్లు, కాస్త నీడ, నీళ్లు, గడ్డి ఉన్నవాళ్లు వెళ్లండి. పాడి రైతులకి ఇంకో మాట, ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం ఇప్పుడు పశుసంవర్ధక శాఖ ద్వారా రాయితీకి ఇస్తున్నారు, పదింట తొమ్మిది పెయ్యలే పుడతాయి, అడిగి వేయించుకోండి, గేటు దగ్గర కట్టేయాల్సిన దూడ పుట్టకుండానే ఆగుతుంది. తెచ్చుకోవడానికి మంచి సమయం వరికోతలు అయిన తర్వాత, జనవరి నుంచి మార్చి లోపల. అప్పుడు గడ్డి చవగ్గా దొరుకుతుంది, వాములు వేసుకోవచ్చు, వానలు మొదలయ్యేలోపు పశువు కొత్త చోటికి అలవాటు పడుతుంది. ఆధార్, పొలం పాస్‌బుక్ జిరాక్సులు, పాక ఫోటో తీసుకెళ్లండి, ఇంట్లో పశువును చూసుకునే మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి, వాళ్లు మాట్లాడేది ఆ మనిషితోనే.